చిత్తుప్రతి విలువ: ప్రోగ్రామింగ్ బోధనలో గిట్ వినియోగంపై విమర్శ

విశ్వవిద్యాలయాల ప్రోగ్రామింగ్ కోర్సుల్లో వృత్తినిపుణుల సాధనాలను ప్రవేశపెట్టాలనేవారు సాధారణంగా చూపే కారణం ఉద్యోగం. సంస్థలు గిట్ వాడుతున్నాయి కనుక విద్యార్థికి గిట్ రావాలన్నది ఆ వాదం. అది తప్పు కాదు గానీ బలహీనం. సాధనాలు మారిపోతాయి. గిట్‌కు తరగతి గదిలో చోటివ్వడానికి ఇంతకన్నా లోతైన కారణం ఉంది.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ అభివృద్ధి కోసం గిట్‌ను రూపొందించారు. కోడ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తిని మార్చారో భద్రపరచడం దాని పని. ఒక్కో దశను 'కమిట్'గా, చిన్న వివరణతో నమోదు చేస్తారు. రెండు దశల మధ్య భేదాన్ని 'డిఫ్' పంక్తులవారీగా చూపుతుంది. తాళపత్ర ప్రతులను సరిపోల్చి పాఠాంతరాలను గుర్తించే పరిష్కర్తకు ఈ పని కొత్తది కాదు. అయితే పరిష్కర్తకు దొరికేవి చాలావరకు లేఖకుల ప్రతులే. ప్రాచీన కవి కొట్టివేసిన పాదాలు దొరకవు. గిట్‌లో మిగిలేవి రచయిత కొట్టివేతలు.

బోధనకు కావలసింది ఇవే. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో ల్యాబ్ 'రికార్డు' సంప్రదాయం అందరికీ తెలిసినదే. పనిచేసే ప్రోగ్రామును, అవుట్‌పుట్‌ను అందంగా ఎక్కించి సంతకం చేయించుకోవడంతో ఆ తతంగం ముగుస్తుంది. పక్కవారి రికార్డు చూసి ఎక్కించినా తేడా తెలియదు. పది అంశాల శ్రేణిని చదివే సీ ప్రోగ్రామునే తీసుకుంటే, సూచికలు సున్నాతో మొదలవుతాయి కనుక చివరి సూచిక తొమ్మిది. విద్యార్థి మొదట లూపు షరతుగా 'పదికి తక్కువ లేదా సమానం' అని రాసి, తరువాత 'పదికి తక్కువ' అని దిద్దుకున్నాడనుకుందాం. తొలగినది ఒక్క సమాన చిహ్నం. శుద్ధప్రతిలో దాని జాడే ఉండదు. డిఫ్‌లో ఉంటుంది. ఆ దిద్దుబాటు అవగాహనతో జరిగిందా, గుడ్డిగా జరిగిందా అన్నది కమిట్ వివరణ కొంతవరకు చెబుతుంది.

ఆచరణలో ఈ ప్రయోజనం తరచుగా జారిపోతోంది. గిట్‌హబ్ క్లాస్‌రూమ్ వంటి వేదికను కేవలం అసైన్‌మెంట్ పెట్టెగా వాడితే, గడువు రాత్రి 'ఫైనల్' అన్న ఒకే కమిట్ వచ్చి చేరుతుంది. అది కొత్త అట్ట వేసిన పాత రికార్డే. మరొక ఇబ్బంది, వృత్తిసాధనం కొత్తవారిని దృష్టిలో పెట్టుకొని పుట్టలేదు. జావా నేర్చుకునేవారి కోసమే బ్లూజే వంటి సరళ సాధనాన్ని ప్రత్యేకంగా నిర్మించవలసి రావడానికి కారణం ఇదే. తొలి వారాల్లో కమిట్, డిఫ్ చాలు. బ్రాంచీలు, మెర్జ్‌లు జట్టుపని మొదలయ్యాక రావచ్చు.

ప్రతి కమిట్‌కూ మార్కులు వేయడం పరిష్కారంగా కనిపించవచ్చు. కానీ చిత్తుకు మార్కులుంటే విద్యార్థి చిత్తును కూడా తీర్చిదిద్దే చూపుతాడు. చరిత్రను తిరగరాసే ఆదేశాలు గిట్‌లోనే ఉన్నాయి. అరవై మంది కమిట్లన్నీ ఒక్క అధ్యాపకుడు చదవడమూ అయ్యే పని కాదు. వైవాలో మాత్రం విద్యార్థి కమిట్ చరిత్రను తెరిచి, ఒక డిఫ్‌ను చూపి, 'ఈ పంక్తి ఎందుకు మార్చావు?' అని అడగవచ్చు. అందుకు పట్టేది ఐదు నిమిషాలు.