పదకొండో మనిషి కూలి

అసంపూర్ణ పోటీ పాఠం వచ్చిందంటే డిగ్రీ క్లాసులో బోర్డు నిండా గీతలే. సగటు రాబడి రేఖ, దానికన్నా నిటారుగా దిగిపోయే ఉపాంత రాబడి రేఖ, వాటిని కోసుకుంటూ వ్యయ రేఖలు. పిల్లలు స్కేలు పెట్టి మరీ దింపుకుంటారు. ఆ గీతల వెనకున్న జోన్ రాబిన్సన్ ఎవరో మాత్రం అడగరు. మేమూ చెప్పం, సిలబస్ పూర్తిచేయాలి కదా!

కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీలో చదివి 1925లో ఆమె ఎకనామిక్స్ పరీక్ష సెకండ్ క్లాసులో పాసయ్యారు. ఆడవాళ్లకు ఆ యూనివర్సిటీ పూర్తి హోదాతో డిగ్రీలు ఇవ్వడం 1948లో గాని మొదలుపెట్టలేదు. పెళ్లయిన కొత్తలో, గ్వాలియర్ బాల మహారాజుకు చదువు చెప్పే పని మీద భర్త ఆస్టిన్ వస్తే, ఆమె కూడా వచ్చి కొంతకాలం అక్కడే ఉన్నారు. తిరిగి వెళ్లాక పియరో స్రాఫా 1926 వ్యాసంలో లేవనెత్తిన చిక్కును పట్టుకున్నారు. సరుకు ఇంకా తయారుచేయకుండా ఫ్యాక్టరీని ఆపుతున్నది పెరిగే ఖర్చు కాదు, ధర తగ్గించనిదే అదనపు సరుకు అమ్ముడుపోకపోవడం. రిచర్డ్ కాన్‌తో వాదించి, చర్చించి రాసిన పుస్తకం 1933లో వచ్చింది. అసిస్టెంట్ లెక్చరర్ ఉద్యోగం ఆ మరుసటి ఏడాది వచ్చింది. ప్రొఫెసర్ కావడానికి 1965 దాకా ఆగాల్సివచ్చింది. 1969లో రెండో కూర్పుకు ముందుమాట రాస్తూ తన పద్ధతినే ఆమె తప్పుబట్టారు. మేం ఇంకా ఆ గీతలే గీస్తున్నాం.

నాకు ఆ పుస్తకంలో సరుకు అమ్మేవాడి కథ కన్నా శ్రమను కొనేవాడి కథ ఇష్టం. ఊళ్లో పనిచ్చే మిల్లు ఒక్కటే అనుకోండి. రోజుకు 400 రూపాయలకు పదిమంది పనిచేస్తున్నారు. పదకొండో మనిషి 420 ఇస్తేగాని రానన్నాడు. అతనికిస్తే అందరికీ ఇవ్వాలి. మొత్తం కూలి 4,000 నుంచి 4,620కి పోతుంది. అంటే ఆ ఒక్కడి వల్ల యజమానికి పడేది 620. అతని పని విలువ 500 అయితే తీసుకోడు.

ఇప్పుడు 420కి తక్కువ ఇవ్వకూడదని చట్టమో, యూనియనో పట్టుబట్టిందనుకుందాం. ఉన్న పదిమందికీ 420 ఎలాగూ ఇవ్వాల్సిందే. పదకొండో మనిషికి అదనంగా పడేది అతని 420 మాత్రమే. యజమాని పిలిచి మరీ పెట్టుకుంటాడు. కూలి పెంచితే పనులు పోతాయని ఘంటాపథంగా చెప్పే పిల్లలు ఇక్కడ ఆగి, లెక్క మళ్లీ వేసుకుంటారు.

రెండో మిల్లు వస్తే ఏమవుతుందని ఒకమ్మాయి అడిగింది. పోటీపడి కూలి పెంచుతారని చెప్పబోయాను. "వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకుంటే, సార్?" అంది వెంటనే.