మనుషులు లేని హంపీ

హంపీ ఫోటోల్లో మనుషులుండరు. క్యాలెండర్లలో చూడండి, 2017లో వచ్చిన యాభై రూపాయల నోటు వెనక చూడండి, రాతిరథం ఒంటరిగానే నిలబడి ఉంటుంది. నిజానికి అక్కడ అది ఏ రోజూ ఒంటరిగా ఉండదు. ఆంధ్రప్రాంతం నుంచి చుట్టాలొస్తే హంపీకి తీసుకువెళ్లడం మా బళ్లారి తెలుగువాళ్లకు తప్పని మర్యాద. వచ్చినవాళ్లు విఠలాలయంలో సెల్‌ఫోను పైకెత్తి, ఎదురుగా నడుస్తున్న ఆడమనిషి పక్కకు తప్పుకునేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆమె దాటిపోతే గాని బొమ్మ తీయరు. ఆ ఎదురుచూపు గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

శిథిలాల మీద మోజును తేలిగ్గా కొట్టిపారేయలేం. నిండుగా ఉన్న గుడి తన లోపలి కట్టుబడిని బయటపెట్టదు. కూలిన గోపురం పెడుతుంది: అడుగున రాయి, పైన ఇటుక, దానిమీద గార. రాజప్రాసాదాలుండిన చోట మిగిలింది రాతి అధిష్ఠానాలే. పైభాగం కలపతో కట్టినది కనుక పోయింది. ఆ అరుగు మీద నిలబడినవాడు స్తంభాలనూ కప్పునూ మనసులో తానే లేపుకోవాలి. శిల్పి పనిలో సగం చూసేవాడి వంతుకు వస్తుంది. ఆ సుఖం నాకూ తెలుసు.

కాని కప్పును లేపిన ఊహ, దాని కింద మనుషుల్ని నిలబెట్టవలసి వచ్చేసరికి మొరాయిస్తుంది. 1443లో వచ్చిన అబ్దుర్ రజాక్ ఇక్కడ ఎటు చూసినా గులాబీలు అమ్మేవాళ్లేనని రాశాడు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు పేస్ జనసమ్మర్దాన్ని చూసి నివ్వెరపోయాడు. వాళ్ల రాతల్లో ఊరు ఉంది. మన ఫోటోల్లో రాళ్లున్నాయి.

ఈ చూపును కెమెరా తేలేదు. మన ఖండకావ్యాలు ముందే అలవాటు చేశాయి. కొడాలి వెంకట సుబ్బారావు 'హంపీ క్షేత్రము' మీద నాకు పేచీ లేదు. ఆ బాటలో వచ్చిన అనుకరణల మీద ఉంది. వాటిల్లో కవి ఒక్కడే రాళ్ల మధ్య నిలబడి, రాయలను పేరుపెట్టి పిలిచి, విలపించి, రైలెక్కి వెళ్లిపోతాడు. ఆ పక్కనే అరటితోటకు నీళ్లు కడుతున్న రైతు ఆయన కంటికి ఆనడు. ఆ నీళ్లు వచ్చేది తుర్తు కాలువలోంచి. విజయనగర కాలంలో తవ్వింది, ఈనాటికీ పొలాలు తడుపుతోంది. కూలిపోలేదు కనుక దాన్ని ఎవరూ ఫోటో తీయరు!

నాటకానికి ఆ సౌలభ్యం లేదు. మా బళ్లారి కోలాచలం శ్రీనివాసరావు ఇదే పతనాన్ని 'రామరాజు చరిత్ర'గా రాశారు. అందులో పఠాన్ రుస్తుం వేషం బళ్లారి రాఘవకు ఎంతో పేరు తెచ్చింది. రంగస్థలం మీద రాళ్లు ఉత్తినే నిలబడితే ప్రేక్షకుడు లేచిపోతాడు. ఎవరో ఒకరు కోపంతోనో భయంతోనో నోరు విప్పాలి.

హంపీ బొమ్మల్లో నేను నెత్తిన పెట్టుకునేవి గ్రీన్‌లా తీసినవి. కుంపిణీ సైన్యంలో అధికారి అయిన అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో మైనం పూసిన కాగితపు నెగటివుల మీద వీటిని తీశాడు. అందులో రాతిరథం నెత్తిన ఇటుక శిఖరం ఉంది. తర్వాతి కాలంలో దాన్ని తొలగించారు. ఇవాళ నోటు మీద మనం మురిసిపోయి చూసేది శిఖరం పోయిన రథాన్ని! 1980లలో ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ అవే చోట్ల నిలబడి మళ్లీ తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏది పోయిందో, దేన్ని మళ్లీ నిలబెట్టారో తెలుస్తుంది. గ్రీన్‌లా పద్ధతిలో ఎక్స్‌పోజరు చాలాసేపు పట్టేది. కదిలిన మనిషి బొమ్మలో నిలవడు. అది అప్పటి యంత్రం లోటు. సెల్‌ఫోనుకు ఆ సాకు లేదు.

విరూపాక్షాలయం ఎదుటి బజారు మండపాల్లో ఒకప్పుడు కాపురాలుండేవి, అంగళ్లు నడిచేవి. 2011 జూలైలో వాళ్లను ఖాళీ చేయించి, కట్టుకున్నవన్నీ కూల్చేశారు. పాత స్తంభాల మధ్య గోడలు లేపితే కట్టడానికి చేటన్న వాదనలో బలముంది, కాదనను. కాని అప్పటినుంచి బజారు ఫోటోలు మహా అందంగా వస్తున్నాయి. టీ అంగడి లేదు, తీగమీద ఆరేసిన చీర లేదు, మెట్ల మీద జడ వేయించుకునే పిల్ల లేదు. మనం ఇన్నాళ్లూ ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది దీనికోసమేనా అనిపించి, నాకు ఆ బొమ్మలు చూడబుద్ధి కాదు.

2024 మేలో వానలకు అదే బజారులో సాలుమండపం కొంత కూలింది. మళ్లీ కట్టేవాళ్లకు సంధ్యాకాంతి పనికిరాదు. ఏ స్తంభం ఎక్కడుండేదో తెలియాలి.

హోసపేట, కంపిలి, గంగావతి తెలుగు ఇళ్లల్లో పాత ఆల్బంలు ఉండే ఉంటాయి. పుట్టువెంట్రుకలకో పెళ్లి మొక్కుకో విరూపాక్షుడి దగ్గరికి వెళ్లి, బజారులో వరసగా నిలబడి తీయించుకున్న ఫోటోలు. చుట్టాల ముఖాల వెనక మండపం మసకగా ఉంటుంది. ఆ మసకలోనే ఒక అంగడి, దాని ముందు కూర్చున్న మనిషి. వాటిని కళాఖండాలని ఎవరూ అనరు. అయినా 2011కు ముందరి బజారు ఉన్నది వాటిల్లోనే. ఇంట్లో పెద్దవాళ్లుండగానే అడిగి, ఏ సంవత్సరమో, వెనక కనిపించే అంగడి ఎవరిదో అట్ట మీద పెన్సిలుతో రాసి పెట్టుకోండి.