మెరిట్ లిస్టుకు ఎక్కని పటం: మురమళ్ళ పేట నుంచి జాగ్రఫీ చదువు మీద ఒక విమర్శ

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో మురమళ్ళ పేట నుంచి ఒక అమ్మాయి వచ్చి, "మేస్టారూ, డిగ్రీలో జాగ్రఫీ చదువుదామనుకుంటన్నానండి, స్కాలర్‌షిప్పు వస్తుందాండి?" అని అడిగింది. తండ్రి కొబ్బరి దింపు కూలి. తల్లి వలుపు పనికి పోతుంది. పక్కనున్నవాళ్లు నవ్వారు. జాగ్రఫీ ఏంటి, కంప్యూటర్స్ తీసుకోవచ్చు గదా అన్నారు. నవ్వినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆ నవ్వునీ ఆ ప్రశ్ననీ కలిపి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు నవ్వు సంగతి. జాగ్రఫీ అంటే నదుల పేర్లు, రాజధానుల పేర్లు బట్టీ పట్టడం అని మన బడులు నేర్పాయి. మురమళ్ళ అంటే ఎవరికైనా గుర్తొచ్చేది వీరేశ్వరస్వామి గుడి, నిత్యకల్యాణం. యాత్రికుల పటంలో గుడి ఉంటుంది, గౌతమి రేవు ఉంటుంది. పేట ఉండదు. పటం అబద్ధం చెప్పదని అనుకుంటాం. కానీ ఏది గీయాలో, ఏది వదిలేయాలో పటం గీసేవాడే నిర్ణయిస్తాడు. వదిలేసిన చోట బతికే పిల్లలు పటం గీయడం నేర్చుకుంటామంటే మనం నవ్వుతున్నాం!

డెల్టా పాఠమే తీసుకోండి. 1847 నుంచి 1852 దాకా కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు, కాలవలు వచ్చాయి, కోనసీమ పచ్చబడింది. ఇక్కడితో పాఠం అయిపోతుంది. ఆ నీళ్లు ఎవరి పొలానికి పారాయి, మట్టి తవ్విన చేతులు ఎవరివి, కాలవ శివార్లో ఎవరున్నారు, మురుగు ఎవరి గుమ్మం ముందు నిలబడింది అనే ప్రశ్నలు పాఠంలోకి రావు. 1996 నవంబరు 6న కాకినాడకి దక్షిణాన తీరం దాటిన తుఫాను ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. దాన్ని ప్రకృతి వైపరీత్యం అంటారు. గాలి ప్రకృతిదే. కానీ ఒకడు శ్లాబు కింద, ఒకడు తాటాకు కింద ఉండడం ప్రకృతి చేసిన ఏర్పాటు కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలు మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు పైపు పేలి మనుషులు కాలిపోయారు. పుస్తకంలో అది "సహజ వనరు". ఎవరికి వనరు, ఎవరికి మంట అన్నది కూడా జాగ్రఫీయే. 1985లో కారంచేడు ఘటన ఎక్కడ మొదలైంది? మాదిగపల్లె తాగునీటి చెరువు దగ్గర. ఊరికీ పేటకీ మధ్య దూరం ఎంతో, నీళ్లు ఎటు నుంచి ఎటు పారతాయో దళితుడు పుట్టినప్పటినుంచీ చదువుతూనే ఉన్నాడు. ఆ చదువుకి డిగ్రీ లేదు, అంతే తేడా.

ఇక ప్రశ్న దగ్గరకి వద్దాం. మన దగ్గర డిగ్రీలో జాగ్రఫీ అరుదు. పూర్వం బి.ఏ.లో మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా అది ఎక్కడో ఒకచోట దూరేది. 2023-24లో రాష్ట్రంలో సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చారు. ఒకే మేజర్ అంటే ఆ సబ్జెక్టు కోసమే ఒక గుంపు పిల్లలు చేరాలి. చేరకపోతే కోర్సు నిలబడదు, కోర్సు లేకపోతే పిల్లలు చేరరు. ఇందులో తప్పు ఎవరిదీ కానట్టే ఉంటుంది. చివరికి కోల్పోయేది మాత్రం బస్సు చార్జీ పెట్టుకుని దూరం పోలేని ఇంటి పిల్లలే.

దూరం అంటే గుర్తొచ్చింది. మురమళ్ళ పక్కనే ఎదుర్లంక. అక్కడి బిడ్డ బాలయోగి ఆంధ్రా యూనివర్శిటీలో చదివి, 1998లో లోక్‌సభకి తొలి దళిత స్పీకరయ్యాడు. ఎదుర్లంక నుంచి యానాం వైపు గౌతమి మీద వేసిన వారధికి ఆయన పేరే ఉంది. ఒకప్పుడు పంటు కోసం రేవులో కాచుకున్నవాళ్లు ఇప్పుడు బస్సెక్కి కాకినాడ పోతున్నారు. వారధి పడితే కాలేజీ దగ్గరైంది. ఇంతకన్నా జాగ్రఫీ పాఠం ఏం కావాలి?

కాబట్టి కోర్సు ఎంచుకునేటప్పుడు కాలేజీ బోర్డు చూసి మురిసిపోకుండా కొన్ని సంగతులు అడగాలి. జాగ్రఫీకి రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా? ల్యాబు, సర్వే పనిముట్లు, కంప్యూటర్ మీద పటాలు చేసే జి.ఐ.ఎస్. ఉన్నాయా? ఫీల్డు ట్రిప్పు ఖర్చు ఎవరు పెడతారు? ఆ డిగ్రీతో ఆంధ్రా యూనివర్శిటీ లాంటి చోట జాగ్రఫీ పి.జి.కి, బి.ఇడి. సోషల్‌కి అర్హత వస్తుందా? రాష్ట్రం దాటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకి పోవాలంటే 2022 నుంచి సి.యు.ఇ.టి. రాయాలి. అది తెలుగులో కూడా రాయవచ్చు. ఈ మాట మన హాస్టళ్లలో ఎంతమందికి చెప్పాం?

ఇప్పుడు మెరిట్. కేంద్ర ప్రభుత్వం కాలేజీ విద్యార్థులకిచ్చే మెరిట్ స్కాలర్‌షిప్పు నిబంధనలు చూడండి. ఇంటర్‌లో 80 పర్సెంటైల్ దాటాలి. అంటే నూటికి 80 మార్కులని కాదు, అదే గ్రూపు పిల్లల్లో 80 శాతం మంది కంటే పైన ఉండాలని. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు మించకూడదు. డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు. వీటిని బోర్డులోని సైన్సు, కామర్సు, ఆర్ట్సు పిల్లలకి 3:2:1 లెక్కన పంచుతారు. అంటే ఆరింటిలో మూడు సైన్సుకి, ఆర్ట్సుకి ఒక్కటి. ప్రతిభ కొలవకముందే దానికి వాటాలు వేశారన్నమాట! వాటా వేస్తే ప్రతిభ చచ్చిపోతుందని 1990లో మండల్ మీద రోడ్డెక్కినవాళ్లు ఈ వాటా మీద రోడ్డెక్కినట్టు వినలేదు.

పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులోనూ ఇదే మెట్ల వరస. ఎస్సీ విద్యార్థులకి 2021లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం హాస్టల్లో ఉండి ఇంజనీరింగు, మెడిసిన్ లాంటివి చదివితే ఏడాదికి 13,500, మామూలు బి.ఏ. చదివితే 6,000. ఇంటి దగ్గర నుంచి పోయి వచ్చే బి.ఏ. విద్యార్థికి 3,000. తప్పనిసరి ఫీజు వేరుగా వస్తుంది. ఇంజనీరింగు పిల్లల ఆకలి బి.ఏ. పిల్లల ఆకలికి రెండింతలా?

అసలు మెలిక మరోటి ఉంది. ఈ రెండూ కలిపి తీసుకోకూడదు. మెరిట్ తీసుకుంటే ఫీజు రీయింబర్స్‌మెంటూ వదులుకోవాలి. కనుక లెక్క వేసుకోవాలి. ఇంటి నుంచి పోయి వచ్చేవాళ్లకి రెండింటికీ తేడా ఏడాదికి 9,000. ఫీజు అంతకన్నా తక్కువున్న ప్రభుత్వ కాలేజీ అయితే మెరిట్ లాభం, ఎక్కువైతే పోస్ట్‌మెట్రిక్ లాభం. హాస్టల్ వాళ్లకి ఆ హద్దు 6,000. రాష్ట్రం వేరుగా ఏమైనా ఇస్తుంటే అదీ కలుపుకోవాలి. సీటుకి ముందే ఈ లెక్క చెప్పేవాళ్లు లేక పిల్లలు నష్టపోతున్నారు.

డబ్బు లెక్క ఒకటి, మర్యాద లెక్క ఇంకొకటి. ఈ నిబంధన పిల్లని నిలబెట్టి "నువ్వు మెరిట్ విద్యార్థివా, ఎస్సీ విద్యార్థివా?" అని అడుగుతుంది. రెండూ ఒకే మనిషి కావడం దానికి తెలీదు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద అంబేద్కర్ కొలంబియా వెళ్లాడు. 1944లో, ఆయన వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్న కాలంలోనే, షెడ్యూల్డు కులాల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. మొదటిది లేకపోతే ఆ ప్రతిభ లోకానికి తెలిసేది కాదు. ప్రతిభని బయటికి తెచ్చేదే సాయం. మన పత్రాల్లో మాత్రం సాయం ఒక కాలమ్‌లో, ప్రతిభ ఒక కాలమ్‌లో వేరువేరుగా కూర్చున్నాయి, ఊరూ పేటా లాగే.

మనల్ని మనం కూడా విమర్శించుకోవాలి. 2022లో జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరు నిలబెట్టుకున్నాం. పటం మీద పేరు మనదైంది. ఆ పటం లోపల భూమి, నీరు, దారి, శ్మశానం గీతలు ఎవరి చేతిలో ఉన్నాయి? 2020 డిసెంబరులో రాష్ట్రమంతా భూముల రీసర్వే మొదలైనప్పుడు, గీసిన హద్దు తప్పో ఒప్పో చదివి చెప్పగలిగేవాళ్లు మన పేటల్లో ఎంతమంది ఉన్నారు? ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయి గోదావరి డెల్టా తీరం వెనక్కి తగ్గుతోందని 2010లోనే పరిశోధకులు చూపించారు. ఆ తీరంలో బతికేవాళ్లే ఆ పరిశోధన చేస్తే అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి.

అందుకని సంఘాలు మే, జూన్ నెలల్లో ఒక పని పెట్టుకోవాలి. ఇంటర్ పాసైన ప్రతి పిల్లనీ పిల్లాడినీ కూర్చోబెట్టి ఆదాయం, కులం సర్టిఫికెట్లు సరిచూసి, రెండు స్కాలర్‌షిప్పుల లెక్క కాగితం మీద వేసి చూపించాలి. 3:2:1 వాటా మీద, బి.ఏ.కి సగానికన్నా తక్కువ భత్యం మీద అడగాలి. కనీసం జిల్లాకొక ప్రభుత్వ కాలేజీలో జాగ్రఫీ ల్యాబుతో సహా నడపమని అడగాలి.

ఆ అమ్మాయికి లెక్క వేసి ఇచ్చాను. కాగితం మడిచి పెట్టుకుంటూ, "మా పేట పటం నేనే గీస్తానండి" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.