నల్లేటి నుంచి గాజుతొట్టి దాకా

అక్వేరియం దుకాణాల్లో దొరికే మంచినీటి చేపల్లో ఎక్కువ భాగం చెరువుల్లోనో సిమెంటు తొట్లలోనో పుట్టి పెరిగినవి. ఎన్నో తరాలుగా ఏటి ముఖం చూడనివి. అలా కొనుక్కోకుండా, చేప పుట్టిన నీటి దగ్గరికే వెళ్లి, దాన్ని పట్టి, ప్రాణం పోకుండా ఇంటి తొట్టి దాకా తెచ్చుకునేవాళ్లు కొందరున్నారు. ఇందుకోసం వాళ్లు అమెజాన్‌కు, కాంగోకు, టాంగన్యికా సరస్సుకు, బోర్నియో అడవుల్లోని బురద కాలువలకు వెళతారు. వలేసి చేపను పట్టడం ఇందులో చిన్న పని. పట్టింది బతకడమే అసలు పని. ఆ సంగతి అన్నిటికన్నా స్పష్టంగా తెలిసేది బ్రెజిల్‌లోని రియో నీగ్రో నది మీద.

రియో నీగ్రో అంటే నల్ల నది. కొలంబియాలో పుట్టి, బ్రెజిల్‌లో మనౌస్ నగరం దగ్గర బురదనీటి సోలిమోయెస్ నదితో కలుస్తుంది. కలిశాక కూడా నల్లనీరు, బురదనీరు కొన్ని కిలోమీటర్ల పాటు ఒకదాన్నొకటి అంటకుండా పక్కపక్కనే పారతాయి. గ్లాసులోకి తీసి చూస్తే ఆ నీరు నలుపు కాదు, పలచటి డికాషన్ రంగు. అడవి రాల్చిన ఆకులు ఇసుకనేల మీద నాని, వాటి సారం ఏట్లోకి దిగడం వల్ల వచ్చిన రంగది. అందులో లవణాలు దాదాపు ఉండవు. వాననీటికి కాస్త ఆకుల పులుపు కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పీహెచ్ 4 నుంచి 5 మధ్య తిరుగుతుంది. దోమలు కూడా ఆ నది మీద తక్కువే.

ఇక్కడి చేపలు యూరప్‌కు ముందుగా వెళ్లింది సీసాల్లో, సారాయిలో నానిపోయి. ఆస్ట్రియాకు చెందిన యోహాన్ నట్టెరర్ 1817 నుంచి 1835 దాకా బ్రెజిల్‌లో తిరిగి పక్షుల్ని, జంతువుల్ని, చేపల్ని సేకరించాడు. అతను పంపిన నమూనాల్లో పళ్లెంలా గుండ్రంగా ఉన్న ఒక చేపకు 1840లో వియన్నాలో చేపల శాస్త్రజ్ఞుడు హెకెల్ పేరు పెట్టాడు. నేటికీ పెంపకందార్లు రాజుగా చూసుకునే డిస్కస్ అదే. తర్వాత బ్రిటిష్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఇదే నది మీద చేపల్ని ఒక్కొక్కటిగా పెన్సిలుతో గీసుకున్నాడు. 1852లో ఇంటికి తిరిగి వెళ్తుండగా సముద్రం మధ్యలో ఓడ తగలబడింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన నమూనాలు బూడిదయ్యాయి. చేతికందిన రేకుపెట్టెలో దక్కిన కొద్దిపాటి వస్తువుల్లో ఆ చేపల బొమ్మలున్నాయి. రెండు వందలకు పైగా ఉన్న ఆ బొమ్మలు పుస్తకంగా అచ్చయ్యేసరికి 2002 వచ్చింది.

ప్రాణంతో తేవడం 20వ శతాబ్దపు విద్య. 1950లలో జర్మనీకి చెందిన అమండా బ్లేహర్ తన నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని చేపలు, నీటిమొక్కల కోసం దక్షిణ అమెరికా అడవుల్లోకి వెళ్లింది. ఆ పిల్లల్లో ఒకడైన హైకో బ్లేహర్ పెద్దయ్యాక అదే బతుకుగా ప్రపంచమంతా తిరిగాడు. తల ఎర్రగా ఉండే రమ్మీనోస్ చేపల్లో ఒక జాతి శాస్త్రీయ నామంలో అతని ఇంటిపేరుంది. 1956లో ఈ నదిలోని కార్డినల్ టెట్రా అనే చిన్నచేపకు పేరు పెట్టడంలో పోటీ నడిచింది. రెండు వేర్వేరు శాస్త్ర పత్రాలు ఒక్క రోజు తేడాతో వెలువడ్డాయి. ముందురోజు అచ్చయిన పేరే చెల్లుతుందని అంతర్జాతీయ సంఘం తేల్చాల్సి వచ్చింది. రియో నీగ్రో చేపల వ్యాపారాన్ని దశాబ్దాల పాటు మోసింది ఈ కార్డినలే.

మూడు సెంటీమీటర్లు దాటీ దాటని చేప. పైన నీలం చార, కింద ఎరుపు. దీన్ని పోలిన నియాన్ టెట్రాలో ఎరుపు సగం పొట్ట దగ్గర మొదలై తోక దాకా ఉంటుంది, కార్డినల్‌లో మొదటి నుంచి చివరిదాకా పరుచుకుని ఉంటుంది. ఇంటి తొట్టిలో తెల్లలైటు కింద అది ఆడంబరంగా కనిపిస్తుంది గానీ, డికాషన్ రంగు నీళ్లలో, చెట్టునీడలో చూస్తే ఆ రంగు ఎందుకో అర్థమవుతుంది. ఒంటి మిగతా భాగమంతా చీకట్లో కలిసిపోయి, ఆ నీలం గీత ఒక్కటే సన్నగా మెరుస్తుంది. ఒక గీత పక్కకు తిరిగితే వంద గీతలు తిరుగుతాయి. గుంపు చెదరకుండా ఉండటానికి అది గుర్తు. చీకటి పడ్డాక రంగు వెలిసిపోతుంది. రాత్రి టార్చి వేసి చూసిన కొత్తవాళ్లు చేప చచ్చిపోతోందని కంగారుపడతారు. పొద్దున్నే రంగు మళ్లీ వస్తుంది.

కార్డినల్ కోసం వెళ్లేవాళ్లు చేరే ఊరు బార్సెలోస్. మనౌస్ నుంచి నదికి ఎదురెక్కి సుమారు 400 కిలోమీటర్లు. పడవలో ఊయలపడకలు కట్టుకుని ఒక రోజుకు పైగా ప్రయాణం. ఊరి చుట్టూ నది వందలాది దీవులుగా చీలి ఉంటుంది. వానాకాలంలో నీరు పొంగి అడవిలోకి చొరబడుతుంది. మనౌస్ దగ్గర ఏడాదిలో నీటిమట్టం దాదాపు 10 మీటర్లు పెరిగి తగ్గుతుంది. చేపలు చెట్ల మొదళ్లలోకి, కొమ్మల మధ్యకు వెళ్లి అక్కడే తిని, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసుకుంటాయి. నీరు తీసేటప్పుడు చాలా చేపలు గుంటల్లో చిక్కుకుని ఎండిపోతాయి, లేదా పెద్దచేపల పాలవుతాయి. అడవిలో కార్డినల్ ఆయుష్షు ఎక్కువగా ఒక ఏడాదే. తొట్టిలో శ్రద్ధగా చూస్తే ఐదేళ్లు బతుకుతుంది. అందుకే నీరు తగ్గిన నెలల్లో కాస్త పట్టినా ఆ చేపకు నష్టం లేదని శాస్త్రజ్ఞుల మాట. అన్ని చేపలకూ ఈ సూత్రం వర్తించదు. నెమ్మదిగా పెరిగి, కొద్దిగా గుడ్లు పెట్టి, ఒకే ఏటి ఒకే రాళ్ల మధ్య బతికేదాన్ని ఇలా పడితే అంతరించిపోతుంది. షింగు నదిలోని చారల చేప జీబ్రా ప్లెకో అటువంటిది. 1991లో దానికి పేరు పెట్టారు. తర్వాత దొంగచాటు వేటగాళ్లు దాని వెంట పడ్డారు. ఆపైన బెలో మోంటే ఆనకట్ట దాని ఏటినే మార్చేసింది. 2022లో ఆ చేపను అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందంలోని రెండో అనుబంధంలో చేర్చారు. పట్టేవాడు వెళ్లేముందు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఏ చేపను ముట్టకూడదో తెలుసుకోవడం.

రెండోది కాగితాలు. బ్రెజిల్‌లో విదేశీయుడు తనకు తానుగా చేపను పట్టి దేశం దాటించకూడదు. స్థానిక మత్స్యకారుల వెంట వెళ్లి చూడవచ్చు, వాళ్లకు సాయపడవచ్చు. చేప మాత్రం లైసెన్సు ఉన్న ఎగుమతిదారు ద్వారానే, ఆరోగ్య ధ్రువపత్రంతో బయటికి వెళ్లాలి. భారతదేశంలోకి తేవాలంటే కేంద్రం ఇచ్చే దిగుమతి పర్మిట్టు, దిగాక క్వారంటైను తప్పనిసరి. ఇవి లేకుండా సూట్‌కేసులో దాచి తెచ్చిన చేప ఎంత అరుదైనదైనా దొంగసొత్తే. ఈ విద్యను ప్రేమించేవాళ్లు అలాంటి చేపను తమ తొట్టిలో పెట్టుకోరు.

బార్సెలోస్ చుట్టుపక్కల చిన్నచేపలు పట్టేవాళ్లను పియాబేరోలంటారు. పియాబా అంటే అక్కడి మాటలో చిన్నచేప, మనవాళ్ల పరిగె లాంటిది. వాళ్ల పనితనాన్ని ఒక పూట దగ్గర నిలబడి చూస్తే చాలు, వల వేసి లాగడమే చేపలు పట్టడం అనుకున్నవాళ్ల అభిప్రాయం మారిపోతుంది. తెల్లవారుజామున సన్నటి పడవ చెట్ల మధ్యకు జారుతుంది. తెడ్డు చప్పుడు చెయ్యదు. ముందు కూర్చున్న మనిషి నీళ్లలోకి వంగి చూస్తూ, మునిగిన కొమ్మల దగ్గర నీలం గీతలు కనిపించగానే చెయ్యెత్తుతాడు. చేతిలో రపీషే అనే వల ఉంటుంది. వంచిన చట్రానికి సన్నకళ్ల వలగుడ్డ కట్టి చేసింది. దాన్ని గుంపు ముందు నీళ్లలో దించి పట్టుకుని, రెండో చేత్తో తెడ్డును మెల్లగా తోస్తూ చేపల్ని దానివైపు నడిపిస్తాడు. తరమడం కాదు, నడిపించడం. వల నిండాక పైకి ఎత్తడు. వలను పడవ అంచు దాకా నీళ్లలోనే తెచ్చి, చిన్న గిన్నెతో నీళ్లతో సహా చేపల్ని ముంచి తొట్టిలో పోస్తాడు. చేప గాలిలోకి రాదు, పొలుసు రాలదు, ఒంటి మీది జిగురు చెదరదు. ఆ జిగురే దానికి చర్మం మీద మందు. అది పోయిన చోటల్లా బూజు పడుతుంది. విదేశాల నుంచి వచ్చిన పెంపకందార్లు ఖరీదైన వలలు తెచ్చుకుని, మూడోరోజుకు వాటిని పక్కనబెట్టి గిన్నె అడగడం సహజం.

ఒక్కో చేపకు ఒక్కో పద్ధతి. డిస్కస్‌ను పగలు పట్టడం కష్టం, మునిగిన చెట్టుకొమ్మల్లోకి దూరిపోతుంది. రాత్రి పూట దీపం వేస్తే కదలకుండా నిలబడిపోతుంది, అప్పుడు చేతివలతో తీస్తారు. రాళ్ల సందుల్లో ఉండే ప్లెకోలను మునిగి చేత్తోనే లాగాలి. ఆకుల మేట కింద దాక్కునే బుల్లి సిక్లిడ్‌ల కోసం ఆకుల్ని కట్టగా ఎత్తి పళ్లెంలో దులపాలి.

చేప పట్టుబడ్డ చోటే నోటుపుస్తకం తీయాలి. నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుద్వాహకత, ప్రవాహం వేగం, అడుగున ఇసుకా ఆకులా, నీడ ఎంత, పక్కన ఏయే చేపలున్నాయి, కాలువ పేరు, తేదీ ఇవన్నీ రాసుకోవాలి. రియో నీగ్రోలో విద్యుద్వాహకత కొలిచే మీటరు 10 మైక్రోసీమెన్స్ దగ్గర ఆగుతుంది. హైదరాబాద్ బోరునీళ్లలో అదే మీటరు వందల్లో, కొన్నిచోట్ల వెయ్యి పైన చూపిస్తుంది. ఆ రెండు అంకెల మధ్య దూరమే ఇంటికొచ్చాక చేప దాటాల్సిన దూరం. పట్టిన చోటు పేరు లేని చేప పెంపకందారుకు అందమైనదే గానీ, తర్వాత జతకట్టించాలన్నా, వేరే ఏటి చేపతో కలవకుండా వంశాన్ని నిలపాలన్నా ఆ చోటు పేరే ఆధారం.

పట్టాక రెండు మూడు రోజులు నీడలో, పారే నీళ్లలో తేలే వలపంజరంలో ఉంచుతారు. నీరసపడ్డవి, గాయపడ్డవి ఈలోగా తేలిపోతాయి. ప్రయాణానికి ముందు ఒకటి రెండు రోజులు పస్తు పెడతారు. పొట్ట ఖాళీ అయితే సంచిలో నీళ్లు చెడవు. కొల్లేరు పక్క కైకలూరు, భీమవరం ప్రాంతాల్లో చేప సీడ్ అమ్మేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. హాపా అనే వలపంజరంలో పస్తు పెట్టి, పాలిథిన్ సంచిలో కొంచెం నీళ్లు, పైన ఆక్సిజన్ నింపి, మూతి బిగించి పంపడం వాళ్ల రోజువారీ పని. అక్వేరియం చేపలకూ అదే పద్ధతి. సంచిలో మూడోవంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్. ముళ్లున్న క్యాట్‌ఫిష్‌కు సంచులు రెండు తొడిగి మధ్యలో కాగితం పెట్టాలి, లేదంటే ముల్లు గుచ్చుకుని నీళ్లన్నీ పోతాయి. కోరిడోరాస్ అనే చిన్న క్యాట్‌ఫిష్‌లను మిగతా చేపలతో కలపకూడదు. భయపడితే వదిలే విషం వాటినే చంపుతుంది. థర్మాకోల్ పెట్టెలో పేర్చి టేపు వేశాక మళ్లీ తెరవరు.

సంచి విప్పే ఘడియలోనే చాలామంది చేపను పోగొట్టుకుంటారు, కారణం తెలియక బాధపడతారు. గంటల తరబడి మూసిన సంచిలో చేప వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) నీళ్లలో కలిసి పీహెచ్‌ను తగ్గిస్తుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ అందులో పేరుకున్న అమ్మోనియా అపాయం లేని అమ్మోనియం రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే ఆ గాలి పైకి లేచిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియం విషంగా మారుతుంది. కాబట్టి సంచిని విప్పి, గంటసేపు చుక్కచుక్కగా కొత్తనీళ్లు కలపడం జాగ్రత్త అనిపించినా హానే. ముందుగానే తొట్టి నీళ్లను ఏటి నీళ్లకు దగ్గరగా తయారుచేసి ఉంచుకోవాలి. సంచిని మూసినట్టే పావుగంట తేలనిచ్చి, వేడి సమానమయ్యాక విప్పి, చేపను వెంటనే కొత్తనీళ్లలోకి మార్చి, సంచి నీళ్లు పారబోయాలి. తెలుగు నేల మీద ఆ నీరు తయారుచేయడానికి ఆర్వో నీళ్లే మార్గం. ఎండిన బాదం ఆకులు నాలుగు వేస్తే రెండు రోజుల్లో నీళ్లు రియో నీగ్రో రంగుకు వస్తాయి. వీధి చివర బాదంచెట్టు రాల్చే ఆకు ఇందుకు పనికొస్తుందని ఫైటర్ చేప పెంచే పిల్లలకు తెలుసు.

పియాబేరోల సంగతి ఇంకా ఉంది. ఒకప్పుడు రియో నీగ్రో నుంచి ఏటా కోట్ల చేపలు వెళ్లేవి, వాటిలో ఎక్కువ కార్డినల్సే. తర్వాత ఆసియా, ఫ్లోరిడా ఫారాల్లో వాటిని పుట్టించడం మొదలయ్యాక అడవి చేపకు గిరాకీ తగ్గింది. ఫారం చేప వచ్చింది కాబట్టి అడవికి మేలు జరిగిందనుకోవడం తేలిక. 1989లో అమెజోనాస్ ఫెడరల్ యూనివర్సిటీలో నింగ్ లబ్బిష్ చావో మొదలుపెట్టిన పియాబా ప్రాజెక్టు చెప్పేది దీనికి ఎదురుగా ఉంటుంది. చేపల మీద బతికేవాడికి అడవి నిలిచి ఉండటం అవసరం. చెట్టు నరికితే ఆకు లేదు, ఆకు లేకపోతే చేప లేదు. చేపకు ధర పోయిన రోజు అతను కలపకో, బంగారానికో, పశువుల మేతపొలాలకో మళ్లుతాడు. ఈ వాదన నమ్మదగ్గది. అక్కడికి వెళ్లే పెంపకందారు చేపల సంచి ఒక్కటే పట్టుకురాకూడదు. పట్టినవాడికి న్యాయమైన ధర చెల్లించి, ఆ చేప ఎక్కడిదో నలుగురికి చెప్పాలి. ఏటా బార్సెలోస్‌లో అలంకార చేపల పండుగ చేస్తారు. ఊరు కార్డినల్ జట్టు, డిస్కస్ జట్టుగా విడిపోయి పాటల్లో, ఆటల్లో పోటీపడుతుంది. ఒక చేప చుట్టూ ఊరు ఎంత అల్లుకుందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంటికొచ్చిన చేప మొదటి మూడు నాలుగు వారాలు విడి తొట్టిలో ఉండాలి. వల, గొట్టం, బకెట్ కూడా విడిగా. అడవి చేప కడుపులో పురుగులు, చర్మం మీద తెల్లమచ్చలు తేవడం మామూలే. ఆ తొట్టి నీళ్లను కాలువలో పారబోయకూడదు. ఎంత విసిగినా, ఎంత పెరిగినా చేపను చెరువులో వదలకూడదు. తొట్టి గోడలకు పట్టిన పాచి నాకుతుందని తెచ్చుకుని, పెద్దదయ్యాక వదిలేసిన సక్కర్ క్యాట్‌ఫిష్ ఇవాళ ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో దెయ్యం చేపై వలలు చించుతోంది. అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే.

అడవిలో పుట్టిన కార్డినల్‌కు గుళికల మేత ఆహారమని తెలియదు. పైనుంచి రాలిన చీమ, నీళ్లలో ఈదే పురుగు దానికి తెలుసు. మొదటివారం దోమపిల్లలు, ఆర్టీమియా పిల్లలు వేయాలి. రెండోవారం వాటితో పాటు పొడిచేసిన గుళిక చిటికెడు. గుంపులో ఒకటి దాన్ని నోట్లో పెట్టుకుని ఉమ్మి, మళ్లీ అందుకుంటుంది. దాన్ని చూసి రెండోది వస్తుంది. అన్నీ గుళికకు అలవాటుపడి, విడి తొట్టి గడువు రోగం లేకుండా గడిచాక పెద్ద తొట్టిలోకి మారుస్తారు. తొట్టి మీద అంటించే చీటీ మీద చేప పేరు కింద కాలువ పేరు, పట్టిన తేదీ రాస్తారు.