పథ్యమా, పస్తా? ఆసుపత్రి రోగి ఆహారంపై వైద్యసిబ్బంది అభిప్రాయాలు: ఒక విమర్శ

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతంలోని కోహెడ గ్రామం పేరు పండ్ల వ్యాపారులకు తెలిసినదే. 2020 వేసవిలో హైదరాబాదు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును తాత్కాలికంగా తరలించినది ఇక్కడికే. పండ్లకూ రోగికీ తెలుగునాట ఉన్న చుట్టరికం చాలా పాతది. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడబోయేవారు ఒట్టి చేతులతో పోరు. కోహెడ వంటి ఊరినుంచి పట్నం ఆసుపత్రికి బయలుదేరిన బంధువు చేతిసంచిలో బత్తాయిలో, ఆపిల్ పండ్లో తప్పక ఉంటాయి. ఆ ఆదరణలో తప్పు లేదు. కాని పుండు మానటానికీ, కరిగిన కండ తిరిగి రావటానికీ ముఖ్యంగా కావలసినవి మాంసకృత్తులు. 100 గ్రాముల బత్తాయిలోగాని, మామిడిపండులోగాని అవి ఒక గ్రాముకు మించవు. ఒక్క కోడిగుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి.

బంధువులకు ఈ లెక్క తెలియకపోవటం సహజం. తెలియవలసినవారు వైద్యులు, నర్సులు. రోగి ఆహారాన్ని గురించి వారేమనుకుంటున్నారు? ఈ ప్రశ్ననే డెన్మార్కు, స్వీడన్, నార్వే దేశాలలోని వైద్యులనూ నర్సులనూ కొందరు పరిశోధకులు అడిగారు. 2008లో ప్రకటించిన ఆ ఫలితాలలో 4512 మంది సమాధానాలు ఉన్నాయి. పోషణ అవసరమైన రోగిని గుర్తించటం కష్టమని 25 శాతం మంది, రోగికి కావలసిన ఆహారశక్తిని లెక్కకట్టటం కష్టమని 53 శాతం మంది ఒప్పుకున్నారు. విజ్ఞానం చాలకపోవటమే ప్రధాన ఆటంకమని పరిశోధకులు తేల్చారు.

ఈ పరిశీలనలో మెచ్చుకోదగినది దాని నిజాయితీ. సంపన్న దేశాలలో, చక్కని ఆసుపత్రులలో పనిచేసేవారు తమకు తెలియదని చెప్పటం చిన్న విషయం కాదు. అయితే అభిప్రాయ సేకరణకు ఒక హద్దు ఉన్నది. మనిషి చెప్పేది వేరు, చేసేది వేరు కావచ్చును. రోగికి ఆహారం ముఖ్యమా అని అడిగితే కాదనే నర్సు ఉండదు. కాని మధ్యాహ్నం ఆ రోగి కంచంలో ఎంత మిగిలిపోయినదో ఆమె చూసినదా? ప్రశ్నపత్రం దీనికి జవాబు చెప్పలేదు.

రెండవ లోపం తెలుగునాటి ఆసుపత్రులను తలచుకుంటే తెలుస్తుంది. ఆ పరిశీలన వైద్యులనూ నర్సులనూ మాత్రమే అడిగినది. ఇక్కడి వార్డులో అన్నం వడ్డించేది వంటశాల పనివారు. లేవలేని రోగిని కూర్చోబెట్టి ముద్ద పెట్టేది భార్యో, కొడుకో, ఆయాయో. ఏమి తినాలో వైద్యుడు ఒక్కమాటలో చెప్పిపోతాడు; ఎంత తిన్నాడో వెంట ఉన్నవారికి మాత్రమే తెలుసు. వారిని అడగకుండా చేసిన లెక్క ఇక్కడ సగం లెక్కే అవుతుంది.

తెలుగునాట ఈ విషయమై వ్యాపించి ఉన్న అభిప్రాయాలలో మూడింటిని ముఖ్యంగా పరీక్షించాలి.

మొదటిది పథ్యాన్ని గురించినది. పథ్యం అంటే హితమైన ఆహారమని అర్థం. వాడుకలో అది తినకూడని వాటి జాబితాగా మారిపోయినది. పప్పు వద్దు, గుడ్డు వద్దు, పెరుగు వద్దు అంటూ పోగా చివరకు మిగిలేది జావ. “లంఖణం పరమౌషధం” అనే సామెత దీనికి తోడు. ఉపవాసానికి తగిన సందర్భాలు లేకపోలేదు. మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి. కాని అందుకు గట్టి ఆహారానికి ఆరు గంటలు, మంచినీటికి రెండు గంటలు విరామం చాలునని ఆధునిక వైద్య నియమాలు చెపుతున్నాయి. రాత్రినుంచి పస్తు పెట్టి, శస్త్రచికిత్సను సాయంత్రానికో మర్నాటికో వాయిదా వేస్తే ఆ పస్తు ఔషధం కాదు.

రెండవది సీసాను గురించినది. “సెలైన్ ఎక్కుతున్నది గదా, అన్నం లేకపోయినా ఫరవాలేదు” అనే మాట వార్డులలో వినిపిస్తుంది. విద్యార్థులు ఈ లెక్క తామే చేసి చూడవచ్చును. సాధారణ సెలైన్ ఉప్పునీరు. అందులో ఆహారశక్తి లేదు. 5 శాతం గ్లూకోజు ద్రావణం ఒక లీటరులో గ్లూకోజు 50 గ్రాములు, అనగా సుమారు 200 కేలరీలు. రోగికి కిలో బరువుకు 25 నుంచి 30 కేలరీలు కావాలనుకుంటే, 50 కిలోల మనిషికి రోజుకు 1250 నుంచి 1500 వరకు కావాలి. ఆ లెక్కన ఆరేడు సీసాలు ఎక్కించాలి. అన్ని ఎక్కించినా మాంసకృత్తులు సున్న.

మూడవది, “జబ్బు తగ్గితే ఆకలి అదే పుడుతుంది” అనేది. ఇది సగం నిజం. రెండవ సగాన్ని స్విట్జర్లాండు పరిశోధన ఒకటి తేటపరచినది. అక్కడి ఎనిమిది ఆసుపత్రులలో పోషణలోపం ముప్పు ఉన్న రెండు వేలకు పైగా రోగులను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి మామూలు ఆసుపత్రి భోజనం. రెండవ వర్గంలో ప్రతి రోగి అవసరాన్నీ లెక్కకట్టి, ఆ మేరకు ఆహారం అందేటట్లు చూశారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం 30 రోజులలో మొదటి వర్గంలో సుమారు 10 శాతం, రెండవ వర్గంలో 7 శాతం మరణించారు. జార్ఖండ్‌లో 2019–2022 మధ్య 2800 మంది క్షయరోగులకు మందులతోపాటు రోజుకు 1200 కేలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు ఇచ్చే దినుసులు అందించారు. ఇది వార్డులలో చేసిన పరిశోధన కాదు. అయినా చికిత్స తొలినాళ్లలో బరువు పెరిగినవారిలో మరణాలు తక్కువగా ఉండటం గమనించదగినది. ఆకలికోసం జబ్బు తగ్గేదాకా ఎదురుచూస్తే, ఈలోగా జబ్బే మనిషిని తగ్గించివేస్తుంది.

ఒక హెచ్చరిక అవసరం. చాలాకాలం పస్తున్న రోగికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం ఇస్తే రక్తంలో ఫాస్ఫేటు వంటి లవణాలు పడిపోయి ప్రాణాపాయం కలుగవచ్చును. అందుచేత ఆహారాన్ని కూడా మందువలెనే మోతాదు ప్రకారం పెంచాలి.

విజ్ఞానం లేకపోవటమే కారణమనే మాట తెలుగునాట పూర్తిగా నిలవదు. 1918లో కూనూరులో మకారిసన్ ప్రారంభించిన పోషణ పరిశోధన నేడు జాతీయ పోషకాహార సంస్థగా పెరిగి, 1958 నుంచి హైదరాబాదులోనే సాగుతున్నది. 528 భారతీయ ఆహారపదార్థాల విలువలను ఆ సంస్థ 2017లో పట్టికలుగా ప్రకటించినది. డబ్బు కూడా కొంత పెరిగినది. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రులలో సాధారణ రోగి రోజు భోజనపు ఖర్చును 2022లో 40 రూపాయలనుంచి 80కి పెంచారు. పట్టిక ఉన్నది, పద్దు ఉన్నది. కంచంనుంచి నోటిదాకా ఉన్న జానెడు దూరానికి బాధ్యులెవరో తేలలేదు.

ఇది ఇక్కడి జాడ్యం మాత్రమే కాదు. ఐరోపా మండలి 2003లో ఆసుపత్రి ఆహారంపై చేసిన తీర్మానం వెనుక ఉన్న పరిశీలనలో ఎత్తిచూపిన ఆటంకాలలో, ఎవరి బాధ్యత ఏదో స్పష్టంగా లేకపోవటం ఒకటి. అంతకుముందు ఎన్నడో, 1859లో వెలువడిన నర్సింగు గ్రంథంలో ఫ్లారెన్స్ నైటింగేల్ ఇదే విషయం రాసినది. ఆహారం సమృద్ధిగా ఉన్నచోటనే రోగులు పస్తుండటానికి కారణం, వారు ఎప్పుడు, ఎలా తినగలరో గమనించకపోవటమేనని ఆమె తీర్మానం. తినని ఆహారాన్ని పడకపక్కనే వదిలివేయటాన్ని ఆమె గట్టిగా ఖండించినది.

నైటింగేల్ చెప్పిన గమనింపుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. చేరిననాడు రోగి బరువు తూచాలి. ఇటీవల తగ్గినదా అని అడగాలి. పూట పూటకూ కంచంలో ముప్పాతిక తిన్నాడా, సగమా, పావా అన్నది కేసుషీటులో జ్వరం పక్కనే రాయాలి. రాసేది ఎవరో పేరుపెట్టి చెప్పాలి. వెంట ఉన్న బంధువుకు చదువు రాకపోయినా సగం, పావు తెలుసు.

జ్వరమానిని చూడకుండా జ్వరానికి మందు ఇచ్చే వైద్యుడు లేడు. కంచాన్ని చూడకుండా నీరసానికి టానిక్కు రాసేవారు మాత్రం ఇంకా ఉన్నారు. వైద్యసిబ్బంది అభిప్రాయాలు మారినవో లేదో కనుక్కోవటానికి ప్రశ్నపత్రాలకంటె ఆ కేసుషీటులోని ఒక్క గడి మంచి సాక్ష్యం. అది నిండి ఉంటే మారినట్లే.