సాధనమూ – సాధనా

సాహిత్య విమర్శకు కేటాయించిన పుటలలో విద్యుద్వాద్యాల ప్రసక్తి ఎందుకని కొందరు పాఠకులకు సందేహం కలుగవచ్చు. సింథసైజరు అనే వాద్యాన్ని స్వయంగా కట్టుకునేవారూ, కొని కూడబెట్టేవారూ, ఒకదానితో ఒకటి పోల్చి వాదులాడుకునేవారూ నేడు అనేక దేశాలలో ఉన్నారు. వారి వాదాలను నేను కొంతకాలంగా శ్రద్ధగా గమనిస్తున్నాను. కళలో సాధనానికి ఉన్న స్థానమేమిటి, అది ఎవరి చేతికి అందాలి అనే రెండు ప్రశ్నలు వాటి అడుగున ఉన్నాయి. ఆ ప్రశ్నలు మనవి కూడా.

ముందు వస్తువేమిటో చెప్పుకోవాలి. వీణలో తీగ కదిలితే నాదం పుడుతుంది. సింథసైజరులో ఆ పని విద్యుత్తు చేస్తుంది. ఆసిలేటరు అనే భాగం ఎడతెగని తరంగాన్ని పుట్టిస్తుంది; ఫిల్టరు ఆ తరంగంలోని కొన్ని నాదాంశాలను జల్లెడపట్టి తీసివేస్తుంది; మరొక భాగం ధ్వని ఎంత వడిగా లేచి ఎంత మెల్లగా అణగాలో నిర్ణయిస్తుంది. 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ ప్రారంభించిన పద్ధతిలో ఒక వోల్టు పెంచితే శ్రుతి ఒక స్థాయి పైకి పోతుంది. ఆ మూగ్ సైతం కుర్రతనంలో ఇంట్లో థెరమిన్ వాద్యాలు కట్టి నేర్చుకున్నవాడే. కనుక ఈ అభిరుచిని పనిలేనివారి కాలక్షేపమని కొట్టివేసే పెద్దలు ఆ వాద్యం పుట్టుకనే మరచిపోతున్నారన్నమాట.

ఇకపోతే, ఈ రంగంలో అందరి నోటా వినిపించే పేరు టీబీ-303. ఒంటరిగా గిటారు వాయించుకునేవానికి మంద్రస్వరాల తోడు ఉండాలని జపానుకు చెందిన రోలాండ్ సంస్థ 1980ల మొదట్లో దీన్ని తయారుచేసింది. కాని దాని ధ్వని గిటారు ధ్వనిని పోలలేదు. 1984లో తయారీ ఆగిపోయింది. వాడిన యంత్రాలు చవకధరకు చేతులు మారాయి. అటువంటి ఒక యంత్రాన్ని సంపాదించి, షికాగోలో ఫ్యూచర్ అనే నల్లజాతి యువకుల బృందం దాని మీటలను విపరీతంగా తిప్పుతూ పుట్టించిన ధ్వనితో 1987లో ‘యాసిడ్ ట్రాక్స్’ వెలువరించింది. ఒక నృత్యసంగీత శాఖకే ఆ రికార్డు నాంది అయింది. అంతకు అయిదేళ్లు ముందే, 1982లో, బొంబాయి సినీ వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ అదే యంత్రంతో పది రాగాలను డిస్కో తాళానికి కట్టి రికార్డు చేశాడు. ఆనాడు పట్టించుకున్నవారు స్వల్పం. 2010లో ఆ రికార్డు తిరిగి వెలువడిన తరువాతగాని లోకం ఆయన వైపు చూడలేదు.

ఈ రెండు ఉదంతాలూ చెప్పేది ఒకటే. యంత్రంలో లేని విలువను వాడినవారు దానికి తెచ్చిపెట్టారు. సింగ్‌కు రాగజ్ఞానమూ, స్టూడియో అనుభవమూ ఉన్నాయి. షికాగో యువకులకు తమ నాట్యశాలల నాడి తెలుసు. నేడు పాత టీబీ-303 వెల తొలినాటి ధరకు ఎన్నో రెట్లు. ఆ పెరిగిన విలువ కళాకారుల ఊహాశ్రమ ఫలితం. అయినా పాత యంత్రం చేతులు మారినప్పుడు ఆ సొమ్ములో వారికి కాసు కూడా ముట్టదు. అమ్మినవాని జేబులోకే పోతుంది. వాద్యం అద్దాల బీరువాలోకి చేరి పటంలా కూర్చుంటుంది. కొనుగోలుదారుల సంభాషణలో నేను ప్రధానంగా తప్పుపట్టేది ఈ మరపునే.

కట్టేవారి సంగతి వేరు. 2005లో లిమోర్ ఫ్రీడ్ అనే ఇంజనీరు ఆ యంత్రానికి ప్రతిరూపాన్ని విడిభాగాల రూపంలో అందించి, దాని సర్క్యూటు పటాలను అందరికీ బహిరంగపరిచింది. మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన ఇలాగే ఒక ఆసిలేటరు కట్టాడు. మధ్యాహ్నం ఎండ ముదిరేకొద్దీ దాని శ్రుతి జారిపోసాగింది. వేడికి ట్రాన్సిస్టరు నడత ఎలా మారుతుందో ఆ జారే శ్రుతి సాక్షిగా ఆయన విద్యార్థులకు బోధించాడు. రహస్యం విప్పి చూపినప్పుడే సాధనం మనిషికి స్వాధీనమవుతుంది.

2019లో బెరింగర్ సంస్థ అదే యంత్రానికి కారుచవక నకలు తెచ్చింది. బీదవాడికి అందుబాటులోకి వచ్చిందని ఒక పక్షం. ఇతరుల రూపకల్పనను సొమ్ము చేసుకున్నదని మరొక పక్షం. మొదటి పక్షంలో న్యాయముందని నా అభిప్రాయం. అయితే ఒక మాట విస్మరించరాదు. చవకగా దొరికిన పెట్టె లోపలి మర్మం కొన్నవానికి తెలియకపోతే, అతడు మరొక సరుకుకు ఖాతాదారుగా మిగులుతాడేగాని సాధకుడు కాడు.

పోలికల విషయానికి వస్తే, పద్యంలో అలంకారాలు లెక్కించి కవిత్వం ముట్టని విమర్శకులు మనకు కొత్త కాదు. ఫలానా ఫిల్టరు ‘వెచ్చన’, ఫలానాది ‘పలచన’ అనే తీర్పులు ఆ కోవకే చెందుతాయి. పాత యంత్రాలు విడిభాగాల తేడాలవల్ల, వయసువల్ల ఒకదానితో ఒకటే సరిపోలవు. అటువంటప్పుడు ‘అసలు ధ్వని’ అంటే ఏ యంత్రానిది? తెరచాటున వాయించి, పేరు చెప్పకుండా వినిపించి, ఏ పాటకు ఏది ఎందుకు నప్పిందో చెప్పగలిగితే అది విమర్శ. పేరు చూసి చెవి తీర్పు చెబితే అది భక్తి.

‘మా ఆనందం మాది, ప్రతివాడూ పాట కట్టితీరాలా?’ అని వారు అడుగవచ్చు. అక్కరలేదు. మీటలు తిప్పుకుని మురిసేవానితో నాకు పేచీ లేదు. కాని కొత్తగా ఈ దారి తొక్కే కుర్రవాడు సలహా అడిగినప్పుడు, ఫలానా వేలరూపాయల పెట్టె లేనిదే ధ్వని రాదని చెప్పడం అపచారం. 2017లో వచ్చిన వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేరు మామూలు కంప్యూటరుమీద ఉచితంగా ఇవే భాగాలను కలిపి చూపుతుంది. అనుభవజ్ఞులు ముందు చెప్పవలసిన మాట అది. ఆ మాట దాచినచోట ఎందరో పేద విద్యార్థులు ఈ విద్య తమది కాదనుకుని వెనుదిరుగుతారు. వారు కట్టగలిగిన పాటలు మనం వినకుండానే పోతాయి. సంగీతానికి నిజంగా జరిగే నష్టం అది.