నత్త జిగురు మందగునా?

ఆఫ్రికా రాక్షసనత్త జిగురునకు బాక్టీరియాలను చంపు శక్తి కలదని 1982లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ శక్తి ‘అకాసిన్’ అను ప్రోటీనుదని తరువాత తేలినది. 2002 నాటికి దాని పనితీరు కూడ తెలిసినది: అది ఎమైనో ఆమ్లములను ఆక్సీకరించి హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టించును, బాక్టీరియాలు దానివలన చచ్చును.

కారణమును చూపుటయే ఈ పరిశోధనల గొప్పతనము. కాని హైడ్రోజన్ పెరాక్సైడు మన కణములకును హాని చేయును. కావున గాజుపళ్లెములోని విజయము పుండు మానుటకు సాక్ష్యము కాదు. పచ్చి జిగురు పూత అసలే తగదు. ఈ నత్తలు మోయు ఎలుక ఊపిరితిత్తుల పురుగు డింభకములు నోటిద్వారా చేరినచో మెదడు పొరలు వాచును. పరీక్షింపదగినది శుద్ధి చేసిన ప్రోటీనే. ‘చంపును’ అనుటకు, ‘మాన్పును’ అనుటకు గల దూరమును విద్యార్థులు గుర్తింపవలెను.